పీటెక్కి వేసే గ్రైండరు

ఆ గురువారం సాయంత్రం కింది వంటింట్లో ఉన్నవాళ్ళు నలుగురు: ఇంటి యజమానురాలు, ఆవిడ అత్తగారు, ఏడో నెలతో పుట్టింటికి వచ్చిన వాళ్ళమ్మాయి, గుమ్మానికి ఇవతల చేతిలో గిన్నెతో నేను. ఉన్న వస్తువులు: సింకు, దాని పంపు, పంపుకు జానెడు దూరంలో స్విచ్ బోర్డు, దాని కింద గ్రైండరు, పక్కన మిక్సీ, గోడకు నీళ్ళ ఫిల్టరు, అప్పుడే కడిగిన నేల, నేల మీద ఒక చెక్క పీట.

మంగళగిరిలో ఆ ఇంటి మేడ మీద గదిలో నేను అద్దెకుంటున్నాను. కింద ముందు గదిలో మగ్గం ఉంటుంది. ఇంటాయన చీరలు నేస్తాడు. నేను దిగిన రోజునే ఇంటావిడ చెప్పింది, "ఆంటీ అంకులూ అంటే మా ఇంట్లో పలకం బాబూ" అని. అందుకని పిన్నిగారు, బాబాయిగారు, మామ్మగారు. వాళ్ళమ్మాయి నాకంటే చిన్నది. నేను ఏమీ అడగకుండానే నన్ను అన్నయ్యా అని పిలిచింది.

వారానికి ఒకటి రెండుసార్లు పిన్నిగారు మెట్ల మీద ఒక గిన్నె పెట్టి "బాబూ, పులుసు" అని కేకేసేది. నేను గిన్నె కడిగి, ఖాళీగా ఇవ్వకూడదు కాబట్టి అందులో జామకాయలో బెల్లమో వేసి తిరిగి ఇచ్చేవాణ్ణి. ఆ గిన్నె ఇచ్చేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడే నాలుగు మాటలు తప్ప, ఆఫీసు బయట నాకు వేరే మాటలు లేవు. మాది మైలవరం వైపు. ఇంట్లో మనుషులున్నారు. ఫోన్లో మాత్రం రెండు ప్రశ్నలే ఉంటాయి: తిన్నావా, అక్కడ వానలున్నాయా.

నా చదువు ఎలక్ట్రికల్. ఉద్యోగం కొత్తగా కట్టిన ఇళ్ళలో వైరింగు సరిగ్గా ఉందో లేదో చూసి నివేదిక రాయడం. వంటింట్లో నేను చూసేవి ముఖ్యంగా నాలుగు. ప్లగ్గు సింకుకు ఎంత దూరంలో ఉంది. ఎర్త్ తీగ నిజంగా భూమిదాకా వెళ్తోందా. బోర్డులోకి నీళ్ళు చిమ్మే అవకాశం ఉందా. లీకేజీ వస్తే కరెంటు ఆపే పరికరం పెట్టారా. నా గదిలో నా ఖర్చుతో ఈ నాలుగూ సరిచేసుకున్నాను. గదిని ఆనుకుని ఉన్న నా వంటింట్లో ప్లగ్గు సింకుకు ఎదురు గోడ మీద ఉంటుంది. కంచాలు రెండు కొన్నాను. రెండో కంచం మీద అంటించిన ధర చీటీ ఇంకా ఊడలేదు.

పిన్నిగారు నా చేతిలో గిన్నె అందుకుని, పంపు కింద చేతులు కడుక్కుని, పీట ఎక్కి, ఆ తడి చేత్తోనే గ్రైండరు స్విచ్ వేసింది.

"పీట ఎందుకు పిన్నిగారూ?"

"ఎందుకేంటి, గ్రైండరు వేస్తున్నాగా."

"గ్రైండరుకు పీటెందుకు?"

మామ్మగారు ఉల్లిపాయలు ఒలుస్తూ తలెత్తింది. "మా ఇంట్లో అంతే బాబూ. గ్రైండరు వేసేటప్పుడు పీటెక్కాలి. కోడలికి నేనే నేర్పా. కింద నుంచుని వేస్తే జివ్వుమంటది."

"జివ్వుమంటే షాకే కదండీ."

"షాకంటే విసిరికొట్టుద్ది. ఇది జివ్వుమంటది, అంతే."

అమ్మాయి నవ్వింది. ఆమె అత్తవారిది పామర్రు. "అక్కడ గ్రైండరు వెయ్యబోతూ పీట అడిగాను అన్నయ్యా. ఏంటొదినా, దానికి పూజ చేస్తావా అని మా ఆడపడుచు ఒకటే నవ్వు. నాకు అప్పటిదాకా తెలీదు, అందరిళ్ళల్లో పీటెక్కరని."

నేనూ నవ్వాను. ఆ తర్వాత పిన్నిగారు అన్న మాటకు నవ్వు ఆగిపోయింది.

"ఇప్పుడు దాన్ని పీట ఎక్కనివ్వట్లేదు బాబూ. కడుపుతో ఉంది, కాలు జారితే ఇంకేమన్నా ఉందా?"

"మరి గ్రైండరు తను వేస్తోందా?"

"ఎప్పుడన్నా. కింద నుంచునే వేస్తది. చెయ్యి తుడుచుకుని వెయ్యమన్నా."

ఎండిన చెక్క పీట ఒకటే ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో మనుషులకూ భూమికీ మధ్య అడ్డంగా ఉంది. అదేమిటో తెలియకుండానే అది పనిచేసింది. ఇప్పుడు జాగ్రత్త పేరుతో దాన్ని తీసేశారు, అదీ ఆ అమ్మాయి కాళ్ళ కింద నుంచి.

చెప్పులు లేకుండానే లోపలికి వెళ్ళాను. ఆ ఇంట్లో ఎవరూ వంటింట్లో చెప్పులతో తిరగరు. జేబులో టెస్టరు ఎప్పుడూ ఉంటుంది. గ్రైండరు స్టీలు డ్రమ్ముకు ఆనించాను. వెలిగింది. మెయిన్ ఆపి, బోర్డు విప్పి చూశాను. మూడు కన్నాల ప్లగ్గులో పెద్ద కన్నానికి ఆకుపచ్చ తీగ ఉంది. ఆ తీగ గోడలోంచి వెనక వసారాలోకి వెళ్ళి, అక్కడ పూర్వం ఉన్న ఇనప నీళ్ళగొట్టానికి చుట్టి ఉంది. ఇల్లు కట్టినప్పుడు అలా చుట్టారు. ఆ గొట్టం భూమిలోకి దిగి ఉండేది కాబట్టి అదే ఎర్త్ అయ్యింది. తర్వాత ఇనప గొట్టం తుప్పు పట్టిందని కింది భాగం కోసేసి ప్లాస్టిక్ గొట్టం అతికించారు. నీళ్ళు బాగానే వస్తున్నాయి. గోడకు మిగిలిన మూరెడు ఇనుము గాలిలో వేలాడుతోంది. ఎర్త్ అక్కడితో ఆగిపోయింది.

బాబాయిగారు మగ్గం దిగి వచ్చి ఆ ముక్కను చూశారు. "అంటే నీళ్ళకోసం గొట్టం మారిస్తే కరెంటు చెడిందంటావా?"

"అవునండీ. గ్రైండరు మోటారులోకి తడి చేరింది. ఆ కరెంటు భూమిలోకి పోవడానికి దారి లేదు. ఎవరైనా ముట్టుకుంటే వాళ్ళే దారి."

"ఏం చేద్దాం మరి?"

"గ్రైండరును రిపేరుకు పంపాలి. ఈ బోర్డు సింకు దగ్గర నుంచి మార్చాలి. అన్నిటికంటే ముందు పెరట్లో గుంత తీసి, ఎర్త్ రాడ్డు దించాలి. రేపే చేయిస్తాను."

మామ్మగారు ఉల్లిపాయ కింద పెట్టింది. "గుంతా?"

"చిన్నదేనండీ. రాడ్డు మనిషెత్తు లోపలికి దిగాలి."

"కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉండగా పెరట్లో గునపం దించుతావా? నీకు ఇంట్లో పెద్దవాళ్ళు ఏమీ చెప్పలేదా నాయనా?"

"అత్తయ్యా, ఆ అబ్బాయి మంచికే..." అంది పిన్నిగారు.

"మంచికే. పురుడొచ్చి, బాలింత లేచాక తవ్వమను. ఊరంతా తవ్వమను. ఇప్పుడు మాత్రం ఈ ఇంట్లో మేకు కూడా దిగడానికి లేదు."

నేను బాబాయిగారి వంక చూశాను. ఆయన పైకప్పు వంక చూశారు.

ఇద్దరమూ ఆ అమ్మాయి కోసమే వాదిస్తున్నామని నాకు తెలుసు. ఆవిడకూ తెలుసనే అనుకుంటాను. ఆవిడ భయం ఆవిడ కళ్ళముందు ఎప్పుడో జరిగిన దేన్నో పట్టుకుని ఉంది. నా భయానికి ఆవిడకు చూపించడానికి టెస్టరులో వెలిగిన చిన్న బల్బు తప్ప ఇంకేమీ లేదు.

గ్రైండరు సంగతి అడిగాను. ఆదివారం సీమంతం. పామర్రు నుంచి, చుట్టుపక్కల నుంచి నలభై మంది వస్తారు. గారెలకు మినప్పప్పు ఇంట్లోనే రుబ్బాలి. రిపేరు షాపు విజయవాడలో ఉంది, ఇస్తే వారం దాకా రాదు.

"ఆదివారం కానీ బాబూ. సోమవారం నువ్వే పట్టుకెళ్ళు," అంది పిన్నిగారు. "అందాకా నేనే పీటెక్కి వేసుకుంటా. పిల్లను ముట్టుకోనివ్వను. సరేనా?"

మేకు కొట్టకుండా, గుంత తవ్వకుండా చేయగలిగింది ఒక్కటే మిగిలింది. లీకేజీ వస్తే కరెంటు ఆపే పరికరం. అగ్గిపెట్టెలు నాలుగు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది. మెయిన్ బోర్డులో దాన్ని పెట్టడానికి చోటుంది. మర్నాడు విజయవాడ వెళ్ళి కొనుక్కొచ్చి, శనివారం ఉదయం బిగించాను. మామ్మగారు కుర్చీ తెప్పించుకుని నా పక్కనే కూర్చుంది.

"అది మేకు కాదూ?"

"స్క్రూ అండీ. పాత కన్నంలోనే తిప్పుతున్నాను."

"కొత్త కన్నం పెట్టట్లేదుగా?"

"లేదండీ."

"సుత్తి ఎందుకు తెచ్చావు?"

"సంచిలో ఎప్పుడూ ఉంటుందండీ."

"పైకి తియ్యమాక."

బిగించాక పిన్నిగారిని పిలిచి వివరంగా చెప్పాను. ఇది షాకు రాకుండా చేసేది కాదు. షాకు మొదలవగానే, రెప్పపాటులోపల, ఇంటి మొత్తానికీ కరెంటు తీసేస్తుంది. చురుక్కుమంటుంది, ఆగిపోతుంది. అలా ఆగిందంటే ఎవరికో తగిలిందని అర్థం. అప్పుడు ముందు ప్లగ్గు తీసి, తర్వాతే దీన్ని పైకెత్తాలి. పరీక్షించే బటన్ నొక్కి చూపించాను. టక్కుమని ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆగాయి. మళ్ళీ పైకెత్తాను. పిన్నిగారు తలూపింది. ఆవిడ దృష్టి అప్పటికే నానబోయాల్సిన పప్పు మీద ఉంది.

ఆ సాయంత్రం మెట్ల మీద గిన్నె వచ్చింది. చలిమిడి. వేడిగా ఉంది.

ఆదివారం పొద్దున నేను గదిలోనే ఉన్నాను. కింద జనం వస్తున్న చప్పుడు, మెట్ల పక్క చెప్పులు విడుస్తున్న చప్పుడు, నేల కడిగిన నీళ్ళు తూములోంచి వీధి కాలువలోకి పోతున్న చప్పుడు వింటున్నాను. గ్రైండరు తిరుగుతోంది. నా వంటిల్లు వాళ్ళ వంటింటి మీదే ఉంది కాబట్టి అది తిరిగితే నా గచ్చు సన్నగా అదురుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ అదురు నాకు ఇష్టంగా ఉండేది. ఎవరో దగ్గరలో పని చేసుకుంటున్నట్టు.

అది ఉన్నట్టుండి ఆగింది. నా ఫ్యాను తిరుగుతూనే ఉంది. నా మీటరు వేరు. అంటే కరెంటు పోయింది కింద మాత్రమే.

దిగి వెళ్ళేసరికి ముందు గదిలో పట్టుచీరల మధ్య విసనకర్రలు లేచాయి. మెయిన్ బోర్డు దగ్గర బాబాయిగారి బావమరిది నిలబడి నేను పెట్టిన పరికరాన్ని పైకెత్తబోతున్నాడు.

"ఆగండి, ముందు గ్రైండరు ప్లగ్గు తియ్యాలి."

"ఓహో, ఇంజినీరుగారా! ఇంజినీరున్న ఇంట్లో ఉక్కపోత ఉచితం అనుకుంటా." అందరూ నవ్వారు.

నేను వంటింట్లోకి వెళ్ళి ప్లగ్గు ఊడబెరికాను. పీట గోడకు ఆనించి ఉంది. నేల తడిగా ఉంది. అమ్మాయి తలంటు పోసుకున్న జుట్టుతో, కొత్త చీరలో, సింకుకు ఆనుకుని కుడి చెయ్యి ఎడమ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. నా వంక చూసింది. తిరిగొచ్చి పరికరం పైకెత్తాను. ఫ్యాన్లు తిరిగాయి.

పిన్నిగారు వచ్చింది. "వచ్చిందిగా. గ్రైండరు ప్లగ్గు పెట్టు బాబూ, పప్పు సగంలో ఉంది."

"వద్దండీ. అది ఇక వెయ్యడానికి లేదు."

"వెయ్యడానికి లేదంటే? నలభై మందికి నానబోశాను. నువ్వు ఆ డబ్బా పెట్టకముందు ఏనాడన్నా ఆగిందా?"

"ఆగలేదండీ."

"మరి?"

జవాబు వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉంది. నేను అటు చూశాను. పిన్నిగారు చూడకుండా అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"డబ్బాలోనే ఏదో ఉన్నట్టుంది పిన్నిగారూ," అన్నాను. "కానీ గ్రైండరు మాత్రం వెయ్యొద్దు."

పిన్నిగారు నన్ను చూసిన చూపులో కోపం కంటే విసుగు ఎక్కువ ఉంది. సగం రుబ్బిన పిండినీ, నానిన పప్పునూ రెండు బేసిన్లలోకి ఎత్తించి ఎదురింటికి పంపింది. సీమంతం పిండి వీధి దాటి వెళ్ళింది. అది చూసి మామ్మగారు గుమ్మంలోనే కూలబడినట్టు కూర్చుంది. గ్రైండరు ప్లగ్గు కన్నాల మీద నేను టేపు అడ్డంగా అంటించాను. దాని తీగ చుట్టచుట్టి డ్రమ్ములో పడేశాను.

మెట్ల కింద అమ్మాయి నన్ను ఆపింది.

"అమ్మ వచ్చినవాళ్ళను చూట్టానికి వెళ్తూ, పిండి మీద కాస్త నీళ్ళు చిలకరించు అంది అన్నయ్యా. నేల తడిగా ఉందని నాకు తట్టలేదు. డ్రమ్ము మీద చెయ్యి పెట్టగానే మోచేతి దాకా ఎవరో లాగినట్టయింది. అంతే, ఆగిపోయింది."

నేను అడగాల్సినవి వరసగా అడిగాను. ఎంతసేపు? లెక్కపెట్టేంత లేదు. కళ్ళు తిరిగాయా? లేదు. గుండె దడ? కొంచెం, భయానికేమో. చేతి మీద కాలిన మచ్చ? లేదు. చివరిది అడగడానికి నాకు నోరు రాలేదు, అయినా అడిగాను.

"లోపల కదులుతోందా?"

"పొద్దున కదిలింది." ఆగింది. "తర్వాత చూసుకోలేదు."

"ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలమ్మా. తల్లికి ఏమీ కానట్టే ఉన్నా బిడ్డను చూపించుకోవాలి. నాకు తెలిసింది కరెంటు గురించి. ఇది డాక్టరు చెప్పాల్సింది."

"వెళ్తాను. కానీ ఎవరికీ చెప్పొద్దు అన్నయ్యా." ఆమె కళ్ళు ముందు గది వైపు ఉన్నాయి. "సీమంతం రోజున షాకు కొట్టిందంటే ఏమంటారో తెలుసుగా. రేపు పుట్టేవాడికి జలుబు చేసినా ఆ రోజే చెప్పుకుంటారు. మా అత్తగారు ఇక్కడే ఉన్నారు. మామ్మయితే తట్టుకోలేదు. అమ్మ, తనే చిలకరించమన్నానని ఏడుస్తది."

"మీ ఆయనకు?"

"ఆయనకు చెప్తా."

ఆమె భర్త ఐదు నిమిషాల్లో కారు తాళాలతో వచ్చాడు. డాక్టరుగారు ఆదివారం పన్నెండు దాకానే ఉంటారని, ఈ వారం చూపించుకోవాల్సింది ఇవాళే చూపించుకోమన్నారని, తను మర్చిపోయానని అందరి ముందూ చెప్పాడు. మతిమరుపు మీద వాళ్ళమ్మ నాలుగు చివాట్లు పెట్టింది. ముత్తైదువలు హడావుడిగా గాజులు తొడిగారు. అక్షింతలు తలమీద ఉండగానే ఇద్దరూ కారెక్కారు. వెళ్ళే ముందు ఆమె నా ఫోను నంబరు అడిగి తీసుకుంది.

"అన్నిటికీ అడ్డమే ఇవాళ," అన్నారెవరో. "పొద్దున్నే కరెంటుతో మొదలైంది."

నేను పైకి వచ్చేశాను.

ఆ ఇంట్లో ఏ శుభకార్యమైనా భోజనానికి మనిషి పైకి వచ్చి పిలుస్తారు. కిందటి శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి బాబాయిగారే మెట్లెక్కి వచ్చారు. ఆ రోజు ఎవరూ రాలేదు. నన్ను ఆకలితో ఉంచాలని కాదు. ఎవరికి వాళ్ళు ఇంకొకరు పిలిచి ఉంటారనుకున్నారేమో. కింద విస్తళ్ళు పరుస్తున్న చప్పుడు వినిపించింది. గారెలు వేగుతున్న వాసన వంటింటి కిటికీలోంచి పైకి వచ్చింది. బియ్యం కడిగి కుక్కరు పెట్టాను. ప్లగ్గు పెట్టే ముందు చేతులు తుడుచుకున్నాను, తుడుచుకున్నానా అని మళ్ళీ చూసుకున్నాను.

ఫోను బల్ల మీద తెర పైకి కనిపించేలా పెట్టి కూర్చున్నాను.

పిన్నిగారికి నిజం చెబితే నా మీద విసుగు పోతుంది. ఆవిడ ఏడుస్తుంది, తర్వాత గిన్నె నిండా గారెలతో తానే మెట్లెక్కి వస్తుంది. అది నాకు తెలుసు. చెప్పకపోతే నేను వాళ్ళ సీమంతం పాడుచేసిన అద్దెవాణ్ణి. ఈ రెండిటిలో నాకు కావలసింది మొదటిది. ఆ కోరిక ఉందని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. కానీ ఆమె అడిగింది రెండోది. అదీగాక, ఇంకా జవాబు రాలేదు. ఆ జవాబు ఒకలా వస్తే ఎవరు ఎవరిమీద విసుక్కున్నారన్నది ఎవరికీ గుర్తుండదు.

నా చదువు ఆ గంటలో నాకు సాయపడలేదు. ఎంత కరెంటు పారి ఉంటుంది, ఎంతసేపు పారి ఉంటుంది, అది చేతిలోంచి పాదాలకు వెళ్ళే దారిలో ఏమేమి ఉంటాయి అన్నది లెక్కకట్టగలను. పరికరం సరిగ్గా పనిచేసింది. దాని మీద రాసిన హామీ పెద్ద మనిషి గురించి. లోపల ఉన్న మనిషి గురించి దాని మీద ఏమీ రాయలేదు.

కుక్కరు కూసింది. కట్టేశాను. తినలేదు.

కింద భోజనాలు అయ్యాయి. చెప్పులు వెతుక్కుంటున్నారు. బావమరిది గొంతు వినిపించింది, "ఆ డబ్బా పీకించెయ్ బావా" అని. బాబాయిగారు ఏమన్నారో వినబడలేదు. మామ్మగారి మాట మాత్రం స్పష్టంగా వినిపించింది.

"దాన్ని ముట్టుకోబాకండి. పీకాలంటే మళ్ళీ స్క్రూలు తిప్పాలి. పురుడయ్యేదాకా ఈ ఇంట్లో ఏదీ కదపడానికి లేదు."

ఆ మాట విన్నాక కుర్చీలో వెనక్కి ఆనుకున్నాను. కారణం ఏదైతేనేం, పరికరం ఉంటుంది. నేను ఎంత చెప్పినా ఒప్పుకోని మనిషే దానికి కాపలా కాస్తుంది. గ్రైండరు రేపు విజయవాడ వెళ్తుంది. ఎర్త్ గుంత మాత్రం పురుడయ్యేదాకా ఆగాలి. ఈలోపల సింకు దగ్గర ప్లగ్గును వాడకుండా ఏం చేయాలో బాబాయిగారితో ఒక్కరితో మాట్లాడాలి.

ఫోను వెలిగింది. తెలియని నంబరు. ముందు ఒక ఫోటో వచ్చింది, గాజులు నిండిన చెయ్యి, ఆసుపత్రి మంచం తెల్ల దుప్పటి మీద. తర్వాత తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో. ఇద్దరం బాగున్నాం అన్నయ్యా, సాయంత్రం దాకా ఉండమన్నారు, మిషను పెట్టి బిడ్డ గుండె వినిపించారు, అమ్మకు చెప్పొద్దు. కింద ఇంకో వరుసలో, డాక్టరు చెప్పిన అంకె.

నిమిషానికి నూట నలభై రెండు.